కర్తృపదవిచారము: కోసోవో ప్రకటనముపై హేగు న్యాయస్థానపు టభిప్రాయము

ఐక్యరాజ్యసమితికిఁ జెందిన యంతర్జాతీయ న్యాయస్థానము హేగు నగరమున 2010 వ సంవత్సరము జూలై 22 వ తేదీని కోసోవో స్వాతంత్ర్యప్రకటనమును గూర్చి యొక సలహాభిప్రాయమును వెలువరించెను. సెర్బియా పక్షమువారు దానిని నిందించిరి; కోసోవో పక్షమువారు శిరసావహించిరి. రాజనీతిజ్ఞులును న్యాయవాదులును బహుముఖములఁ జర్చించిరి. కాని యా పత్రము ప్రధానముగా శబ్దార్థనిర్ణయగ్రంథము. ఒక ప్రశ్నవాక్యమును గైకొని, యందలి విధేయపదమునకు నొక యర్థమును, కర్తృపదమునకు మఱియొక యర్థమును జెప్పి, తద్ద్వారమున నుత్తరమును సాధించిన వ్యాఖ్యాన మది. వ్యాఖ్యానమును వ్యాఖ్యానముగాఁ బరీక్షించుట వైయాకరణులకును మీమాంసకులకును నధికారము గల పని కావున నట్టి పరీక్ష యిచ్చటఁ జేయఁబడుచున్నది.

ప్రశ్న యెట్లు పుట్టినదో ముందుగాఁ దెలియవలెను. 2008 ఫిబ్రవరి 17 న ప్రిస్టినా నగరమున స్వాతంత్ర్యము ప్రకటింపఁబడెను. సెర్బియా కోరికపై సమితి సాధారణసభ యదే సంవత్సరము అక్టోబరు 8 న 77 రాజ్యము లనుకూలముగను, 6 ప్రతికూలముగను, 74 తటస్థముగను నుండఁగాఁ బ్రశ్నను న్యాయస్థానమునకుఁ బంపెను. కోసోవో తాత్కాలిక స్వపరిపాలనసంస్థలు చేసిన యేకపక్ష స్వాతంత్ర్యప్రకటనము అంతర్జాతీయధర్మమున కనుగుణమా యనునది ప్రశ్నాభిప్రాయము. వాక్యము చిన్నది; కర్త స్పష్టము, క్రియ స్పష్టము, విధేయము స్పష్టము. ఇంత స్పష్టమైన వాక్యమున కింత పెద్ద వ్యాఖ్య యేల కావలసివచ్చెనన్నచో, దేశచరిత్రమును గొంచెము స్మరింపవలసియున్నది.

ఆ దేశమున నామమునందే వివాదము గలదు. సెర్బుభాషయందు 'కోస్' అనఁగా నొక నల్లని పక్షి. దానిపై సంబంధార్థకప్రత్యయము చేరఁగా 'కోసోవో' యైనది. ఆల్బేనియనులు 'కోసొవ' యందురు. సెర్బియా ప్రభుత్వము 'మెతోహియా' యను పదమును గూడఁ జేర్చి వ్యవహరించును. అది క్రైస్తవమఠముల మాన్యభూములను దెలుపు గ్రీకుపదమునుండి వచ్చినది. ప్రజలలో నాల్బేనియను లధికసంఖ్యాకులు. సెర్బులు అల్పసంఖ్యాకులు, ఇబార్ నది కుత్తరమునందలి భాగమున మాత్రము వారే యధికులు.

1974 నాఁటి యుగోస్లావియా రాజ్యాంగము తన జనులను 'నరోద్' అనియు, 'నరోద్నోస్త్' అనియు రెండు తెగలు గావించెను. సెర్బులు, క్రోయటులు, స్లోవీనులు మున్నగువారు మొదటి తెగ. ఆల్బేనియనులు, హంగరీయనులు మున్నగువారు రెండవ తెగ. పీఠికయందు స్వనిర్ణయాధికారము, విడిపోవు నధికారముతోఁ గూడ, నరోదులకే చెప్పఁబడినది. 'ఓస్త్' అనునది సంస్కృతమునందలి త్వ, తా ప్రత్యయములవలె భావార్థకము. ఒక్క భావప్రత్యయము చేరుటచేత జనము జనత్వమాత్రమై యధికారమును గోలుపోయిన దన్నమాట! ఇంత ఫలము నిచ్చిన తద్ధితము మఱియే భాషయందును గానరాదు. అయినను ఆ రాజ్యాంగమే కోసోవోకు విశేషమైన స్వపరిపాలన మిచ్చెను. 1989 లో సెర్బియా దానిని హరించెను. 1998, 1999 సంవత్సరములలో యుద్ధము జరిగెను. ఎనిమిది లక్షలకుఁ బైబడిన యాల్బేనియనులు దేశమునుండి వెడలఁగొట్టఁబడిరి. 1999 మార్చి 24 మొదలు జూను 10 వఱకు నాటో కూటమి యుగోస్లావియాపై బాంబులు గురిపించెను. తరువాత సెర్బులును రోమా జనులును బలువురు భయముచేఁ బరువెత్తిరి. జూను 10 ననే భద్రతామండలి 1244 సంఖ్య గల తీర్మానమును జేసి, యుగోస్లావియా సార్వభౌమత్వమును, ప్రాదేశికసమగ్రతను స్మరించుచునే, కోసోవోను సమితి పరిపాలనమున నుంచెను. ఆ పరిపాలనము క్రింద 2001 నాఁటి రాజ్యాంగచట్రము ననుసరించి యేర్పడినవే తాత్కాలిక స్వపరిపాలనసంస్థలు. వానిలో నొకటి 120 మంది సభ్యులు గల శాసనసభ.

ఇఁక వ్యాఖ్యానము. న్యాయస్థానము మొదట విధేయపదమును జేపట్టెను. 'అనుగుణము' అనఁగా 'నిషిద్ధము గానిది' యని యర్థము చెప్పి, అంతర్జాతీయధర్మమునందు స్వాతంత్ర్యప్రకటనములను నిషేధించు సామాన్యవిధి యెచ్చటను లేదు గనుక నీ ప్రకటనము ధర్మవిరుద్ధము గాదని తేల్చెను. ఇచ్చట శాస్త్రజ్ఞుల కొక సందేహము వొడమును. ధర్మముతోఁ గర్మకు గల సంబంధము మూఁడు విధములు: విహితము, అనుజ్ఞాతము, అనిషిద్ధము. పాఠము వల్లించుట విద్యార్థికి విహితము. ఉపాధ్యాయుని యనుమతితో వెలికిఁ బోవుట యనుజ్ఞాతము. కిటికీలోనుండి కాకిని జూచుట యెవరును నిషేధింపలేదు. ఈ మూఁటిని 'పాఠశాలానియమముల కనుగుణము' అను నొక్క మాటతోఁ జెప్పినచో, మూఁడవదానియందు ఆ మాటకు బరువే యుండదు. నఞర్థవిచారము చేసినవారికి 'విరుద్ధము గాదు' అనుటయు 'అనుకూలము' అనుటయు నొక్కటి కావని వేఱుగఁ జెప్పనక్కఱలేదు. మొదటిది కేవలనిషేధము, రెండవదానియందు సాదృశ్యముగాని యానుకూల్యముగాని భాసింపవలెను.

ఈ లోపమును న్యాయస్థానమునందలి న్యాయమూర్తియే యొకరు చూపిరి. సిమ్మా యను నాయన ఫలితమున కంగీకరించియు, మార్గమున కంగీకరింపలేదు. 1927 లో ఫ్రాన్సు తుర్కీ దేశముల నావలు ఢీకొన్న 'లోటస్' వివాదమునందు, రాజ్యముల స్వాతంత్ర్యమునకు సంకోచమును ఊహింపరాదని పూర్వపు న్యాయస్థానము పలికెను. ఆ ప్రాఁత దృష్టియే యిచ్చట మరల వచ్చెననియు, ధర్మము ఒక కర్మపట్ల నుదాసీనముగ నుండుట వేఱు, దానిని సమ్మతించుట వేఱు గనుక నీ భేదమును విచారింపవలసియుండెననియు నాయన యాశయము. దీనికిఁ దోడు మఱియొక యంశము గలదు. లోటస్ న్యాయము రాజ్యములను గూర్చినది. ప్రకటనము చేసినవా రాక్షణమున రాజ్యము గారు. రాజ్యమునకుఁ జెప్పిన సౌకర్యము రాజ్యము గాఁగోరువానికి ఎట్లు సంక్రమించెనో వ్యాఖ్యాత చెప్పలేదు.

అయినను మొదటి వ్యాఖ్యను బొత్తిగాఁ ద్రోసిపుచ్చుట న్యాయము గాదు. సాధారణసభ యడిగినది ప్రకటనమును గూర్చియే. దాని ఫలమును గూర్చి గాదు, విడిపోవు నధికారమును గూర్చియుఁ గాదు. 1998 లో కెనడా యున్నతన్యాయస్థానమును క్విబెక్కు విషయమున నడిగిన ప్రశ్నయం దధికార మున్నదా యను మాట స్పష్టముగా నుండెను. కావున నా న్యాయస్థాన మధికారమును విచారించెను. ఇచ్చట నా మాట లేదు. అడుగనిదానికిఁ జెప్పకుండుట వ్యాఖ్యాతకు దోషము గాదు. ప్రశ్న వ్రాసినవారు కృపణముగా వ్రాసిరి. ఫలమును గృపణముగనే పొందిరి.

ప్రాదేశికసమగ్రతను గూర్చి చెప్పినది మాత్రము మఱింత చర్చకుఁ దగియున్నది. ఆ నియమము రాజ్యమునకును రాజ్యమునకును నడుమ వర్తించునదే కాని, రాజ్యమునందలి జనులను గట్టివేయునది గాదని న్యాయస్థాన మనెను. పొరుగువాఁడు గట్టు జరుపుట వేఱు, దాయాది విభాగము గోరుట వేఱు అన్నట్లున్న దీ మాట. సరియే. కాని మన ధర్మశాస్త్రములు గట్టు తగవునకు నొక ప్రకరణమును, దాయవిభాగమునకు వేఱొక ప్రకరణమును వ్రాసినవి. రెండవ ప్రకరణమును దెఱవకయే 'వీఁడు పొరుగువాఁడు గాఁడు గావున దోషము లేదు' అని తీర్పు చెప్పినచో, విభాగము గోరినవానికిఁ బాలు వచ్చునో రాదో తెలియనే తెలియదు. ఇంటిలో మిగిలినవారి గతియేమో యంతకన్నఁ దెలియదు.

1244 తీర్మానమునకుఁ జేసిన వ్యాఖ్య యిందుకు భిన్నముగాఁ గడుఁ జక్కగా నున్నది. అదే భద్రతామండలి పందొమ్మిది దినముల యనంతరము, 1999 జూను 29 న, సైప్రసు విషయమునఁ జేసిన 1251 తీర్మానమునందు పరిష్కారము ఏకసార్వభౌమత్వము గల రాజ్యమే మూలముగా నుండవలెనని కంఠోక్తిగాఁ జెప్పెను. కోసోవో తీర్మానమునం దట్టి మాట లేదు. ఒకే వక్త యొకచోటఁ బలికి వేఱొకచోటఁ బలుకనిది బుద్ధిపూర్వకముగనే పలుకలేదని గ్రహించుట వ్యాఖ్యానసంప్రదాయమునకు మేలుబంతి. ఇంత సూక్ష్మముగాఁ జదువ నేర్చినవారే కర్తృపదము కడ కేల తడఁబడిరో యాశ్చర్యము.

ఆ కర్తృపదమే యీ యభిప్రాయమునకు జీవగఱ్ఱ. ప్రశ్నయందుఁ గర్త 'తాత్కాలిక స్వపరిపాలనసంస్థలు'. ఆ సంస్థలు 2001 నాఁటి చట్రమువలనఁ బుట్టినవి. వాని యధికార మా చట్రమున కధీనము. అవియే స్వాతంత్ర్యమును బ్రకటించియున్నచో అధికారాతిక్రమణ మయ్యెడిది. న్యాయస్థానము, ప్రశ్న వ్రాసినవారు కర్త నెవరని తలఁచినను తాను దానికిఁ గట్టుపడనక్కఱలేదని చెప్పి, కర్తను మార్చెను. ప్రకటనము చేసినవారు సంస్థలుగాఁ జేయలేదనియు, తాత్కాలికపరిపాలనచట్రమునకు వెలుపల, కోసోవో జనముయొక్క ప్రతినిధులుగాఁ గూడి చేసిరనియు నిర్ణయించెను.

దీని కాధారముగాఁ జూపిన వానిలోఁ బాఠపరిశోధనకు సంబంధించిన దొకటి గలదు. పరిషత్పండితులకుఁ బ్రీతికరమగుటచే దానిని విస్తరించుట తగును. ప్రకటనము రెండు పాపిరస్ పత్రములపై నాల్బేనియను భాషలో వ్రాయఁబడెను. న్యాయస్థానమునకు సమర్పింపఁబడిన యింగ్లీషు, ఫ్రెంచి యనువాదములకు శీర్షమున 'కోసోవో శాసనసభ' యను మాట లున్నవి. మూలమున నవి లేవు. మూలము 'ప్రజాస్వామికముగా నెన్నుకొనఁబడిన నాయకులము' అని యుత్తమపురుషలో మొదలగును. అనువాదకుఁడో లేఖకుఁడో తలకట్టు తగిలించి కర్తను మార్చెనన్నమాట. మాతృకను దెప్పించి ప్రతులను దానితోఁ బోల్చి ప్రక్షిప్తమును దొలఁగించుట మన తాళపత్రగ్రంథపరిష్కర్తలు చేయు పనియే. అది ధర్మాసనముపైఁ గూర్చున్నవారు చేయుట కొనియాడఁదగినది. మఱియు సభ్యుఁడు గాని కోసోవో యధ్యక్షుఁడును సంతకము చేసెననియు, శాసనములను బ్రకటించు రాజపత్రమునకుఁ బ్రకటనము పంపఁబడలేదనియు, పూర్వము సభ యధికారమును మీఱినపుడెల్ల నాక్షేపించుచు వచ్చిన సమితిప్రతినిధి యీసారి మౌనము వహించెననియు హేతువులు చెప్పఁబడినవి.

మొదటి హేతువులు పాఠగతములు, బలము గలవి. చివరిదగు మౌనము బలహీనము. మౌన మంగీకారమును సూచింపవచ్చును, భయమును సూచింపవచ్చును, పైవారి యానతిని సూచింపవచ్చును. అనేకార్థకమైన లింగముచే నొక్క యర్థమును సాధించుట యనైకాంతికదోషము.

పాఠగతహేతువులు కూడ సాధించున దేమి? ప్రకటన కర్తలు తమ్ముఁ దాము సంస్థ యని చెప్పుకొనలేదనునంత మాత్రమే. చెప్పుకొనకపోవుటచేతఁ గాకపోదురా? పాణిని మతమున స్వతంత్రుఁడే కర్త. క్రియయందుఁ దన యిచ్ఛచేఁ బ్రవర్తించువాఁడు కర్త యగును. పరాధీనముగాఁ బ్రవర్తించునది కరణాదికారక మగును. చట్రమునకు లోఁబడిన సంస్థ యీ ప్రకటనమున కధికారము గలది గాదు. చట్రమునకు వెలుపల నిలిచి స్వతంత్రులైనవారే యీ ప్రకటనమునకుఁ గర్తలు గాఁగలరు. కాని వారిని స్వతంత్రులఁ జేసిన దేది? ఈ ప్రకటనమే. ప్రకటనమువలన స్వాతంత్ర్యము, స్వాతంత్ర్యమువలనఁ గర్తృత్వము, కర్తృత్వమువలనఁ బ్రకటనము! దీనినే తార్కికు లన్యోన్యాశ్రయ మందురు. న్యాయస్థానోపాధ్యక్షపదవియందున్న టోమ్కాయు, కొరోమా, బెన్నూనా, స్కోట్నికోవ్ అను మువ్వురును దీని కొప్పుకొనలేదు. ప్రకటనము చేసినది సంస్థయే యని వారి పక్షము. ఫలితమునకుఁ దక్కిన పదుగు రనుకూలురైరి.

అన్యోన్యాశ్రయమునకు లోకమునఁ బరిహారము లేకపోలేదని కొంద ఱనవచ్చును. ఏ రాజ్యమును మునుపటి యధికారమునుండి విధిగాఁ బుట్టలేదు. 1776 లో నమెరికా వలసలవారు బ్రిటిషు చట్టము ననుసరించి ప్రకటించిరా? ఇది నిజమే. కాని యది చారిత్రికసమాధానము, ధర్మసమాధానము గాదు. అట్టి సమాధానమే చెప్పఁదలఁచినచో న్యాయస్థానము 'ఇది ధర్మపరిధికి వెలుపలిది' యని విడిచి యుండవచ్చును. అట్లు చేయక, యొక క్రొత్త కర్తను ధర్మవాక్యముననే ప్రవేశపెట్టెను.

ఆ క్రొత్త కర్తకుఁ బెట్టిన పేరునందే యసలు చిక్కున్నది. 'కోసోవో జనముయొక్క ప్రతినిధులు.' కోసోవోవారికి స్వనిర్ణయాధికార మున్నదా, తీవ్రపీడనమునకుఁ బరిహారముగా విడిపోవుట చెల్లునా యను వివాదములను దాను దీర్పనక్కఱలేదని న్యాయస్థానము ఒకచోటఁ జెప్పినది. వేఱొకచోట నా వివాదమునకు మూలమగు 'జన' శబ్దమునే షష్ఠీవిభక్తిలో నిలిపి కర్తను నిరూపించినది. అనువాదము సిద్ధమైన యర్థమునకే చెల్లును. అసిద్ధమును విధింపవలెను గాని యనువదింపరాదు. 'ఈ జన మున్నదా' యని యడిగిన ప్రశ్నకు మౌనము వహించి, 'ఆ జనముయొక్క ప్రతినిధులు' అని వ్యవహరించుట అట్టి యనువాదమే. చదువరి యా జనము సిద్ధమని తలఁచును. సిద్ధము చేసిన దెవరని యడిగిన నుత్తరము లేదు.

సంఖ్యలను బట్టి చూచిన నీ చిక్కు కన్నులఁ గట్టును. ఆ దినమున సభకు వచ్చి సంతకము చేసిన సభ్యులు 109 మంది. సెర్బుసమాజప్రతినిధులు పదుగురును, గొరానీసమాజప్రతినిధి యొక్కఁడును రాలేదు. 'కోసోవో జనము' అను షష్ఠీతత్పురుషమున నీ పదునొకండుగురిని బంపినవారు చేరుదురా, చేరరా? దేశమును బట్టి జనమని చెప్పినచోఁ జేరుదురు. అప్పుడు వారి గైరుహాజరునకు సమాధానము చెప్పవలెను. జాతిని బట్టి చెప్పినచోఁ జేరరు. అప్పుడు 'కోసోవో' యను దేశవాచకమును విడిచి 'ఆల్బేనియనులు' అనవలెను. వ్యాఖ్యాత రెండర్థముల లాభమును గైకొని రెంటి భారమును విడిచెను.

మన భాషయందు 'స్వనిర్ణయము' అను సమాసమును వాడువారు గూడ నీ మెలకువను గమనింపవలెను. 'స్వ' శబ్దమునకు దాను, తనది, జ్ఞాతి, ధనము అని నాలుగర్థములు గలవు. జ్ఞాతి, ధనము అను నర్థములయం దది సర్వనామము గాదని పాణిని ప్రత్యేకముగా నియమించెను. ఈ భేదము వ్యాకరణమునకుఁ గార్యార్థము చెప్పఁబడినను, రాజనీతికిని బనికివచ్చును. స్వనిర్ణయమందలి 'స్వ' శబ్దము తానను నర్థమున సర్వనామ మైనచో, దాని కొక పూర్వపదము వెదకి, యిది యెవరిని బరామర్శించునో నిర్ణయింపవలెను. జ్ఞాతి యను నర్థమైనచో, రక్తసంబంధమే చాలును, సీమతోఁ బనిలేదు. సమితి శాసనపత్రమునందును, 1960 నాఁటి 1514 తీర్మానమునందును, 1970 నాఁటి 2625 తీర్మానమునందును 'జనులు' అను మాట యున్నది కాని యా జను లెవరో లక్షణము చెప్పఁబడలేదు. భారతదేశము 1979 లోఁ బౌర, రాజకీయాధికారముల నిబంధనపత్రమునఁ జేరునపుడు, మొదటి యధికరణమందలి యీ మాట పరపాలనమందున్న జనులకే వర్తించునని, సార్వభౌమరాజ్యములకుఁ గాని యొక జనమునందలి భాగమునకుఁ గాని వర్తింపదని ప్రకటించెను. ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్సు దాని నాక్షేపించెను. భారతదేశపు వ్యాఖ్య మంచిదో కాదో యనునది వేఱు మాట. అది వ్యాఖ్య యని తెలియునట్లు వ్రాయఁబడినది. హేగు పత్రమునందు వ్యాఖ్య దాఁగియున్నది.

వలస దేశముల విషయమున నిట్టి దాఁగుడుమూఁతలు న్యాయస్థానమునకుఁ గావలసిరాలేదు. 2019 ఫిబ్రవరి 25 న చాగోస్ దీవులను గూర్చి చెప్పిన యభిప్రాయమున స్వనిర్ణయాధికారమును, దాని కంగమైన ప్రాదేశికసమగ్రతను స్పష్టముగా నంగీకరించి, 1965 లో బ్రిటను మారిషసునుండి యా దీవులను విడఁదీయుట ధర్మవిరుద్ధమని చెప్పెను. అచ్చట వలసపాలనము గీచిన సరిహద్దే 'స్వ' శబ్దమునకుఁ బూర్వపద మయ్యెను. కోసోవోయం దట్టి గీఁత లేదు. ఉన్న గీఁత యుగోస్లావియాలోని యంతర్గతపు గీఁత.

దాఁచిన వ్యాఖ్య ఫలము త్వరలోనే కనఁబడెను. 2012 ఫిబ్రవరిలో ఇబార్ నది కుత్తరముననున్న సెర్బులు ప్రజాభిప్రాయసేకరణము జరిపి, కోసోవో రిపబ్లికు సంస్థలను దాదాపు ఏకగ్రీవముగఁ దిరస్కరించిరి. వారిని 'జనము' అని యెవరును బిలువలేదు; ఎందుకు బిలువరాదో చెప్పు లక్షణమును లేదు. 2014 మార్చి 11 న క్రిమియా శాసనసభయు, సెవస్తపోల్ నగరసభయు స్వాతంత్ర్యమును బ్రకటించుచు, హేగు న్యాయస్థానపు 2010 నాఁటి యభిప్రాయమునే ప్రమాణముగాఁ బేర్కొనెను. అంతకుముందే రష్యాసైన్యము ద్వీపకల్పమున నిండియుండెను. హేగు పత్రము జాగ్రత్తగాఁ జదివినచో నిందు కవకాశము లేదు. రొడీషియా, ఉత్తర సైప్రసు, బోస్నియాలోని సెర్బు రాజ్యము, వీని ప్రకటనములను భద్రతామండలి నిందించుటకుఁ గారణము ఏకపక్షత్వము గాదనియు, బలప్రయోగాది ఘోరాతిక్రమణములతోడి సంబంధ మనియు నా పత్రముననే యున్నది. క్రిమియావారు విధివాక్యమును గైకొని యపవాదమును విడిచిరి. 2014 మార్చి 27 న సాధారణసభ 100 మంది యనుకూలురు, 11 మంది ప్రతికూలురు, 58 మంది తటస్థులు గాఁగా నుక్రెయిను ప్రాదేశికసమగ్రతను సమర్థించెను. కాని యీ పాఠమును బుట్టించిన దోషము చదివినవారిదే యనుట సరిపడదు. 'అనుగుణము' అను పదమునకు 'నిషిద్ధము గానిది' యని యొకసారి యర్థము చెప్పినపిమ్మట, లోకమున దానిని మరల 'అనుమతింపఁబడినది' యని చదువకుండ నాపుట యెవరి తరము?

ఇంతకును దేశముల నడుమ వ్యవహారము సాగుటకు 2012 ఫిబ్రవరి 24 న బ్రసెల్సు నగరమున నొక యొడంబడిక కుదిరెను. ప్రాంతీయసమావేశములయందు 'కోసోవో' నామమున కొక నక్షత్రపుగుర్తు పెట్టి, పాదసూచికయం దీ నామము స్థితినిగూర్చి యెవరి పక్షమునకును బాధకము గాదనియు, 1244 తీర్మానమునకును న్యాయస్థానాభిప్రాయమునకును ననుగుణమనియు వ్రాయుటకు సమ్మతించిరి. సంశయపాఠమునకుఁ జుక్క పెట్టుట గ్రంథపరిష్కర్తలకుఁ బరిపాటియే. ఇచ్చటఁ జుక్క పెట్టినది దేశమునకు. సెర్బియావారు పాదసూచికలో మొదటి ప్రమాణమును జదివెదరు, ప్రిస్టినావారు రెండవదానిని జదివెదరు. రెంటిని గలిపిన 'అనుగుణ' శబ్దము మాత్రము మరల నక్కడనే యున్నది.